పసిపిల్లల నిద్ర గురించి తల్లిదండ్రుల నమ్మకాలు కొలవాలంటే సొంత ప్రశ్నలు రాసుకోవచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: పీజీ డిసర్టేషన్ కోసం 6 నుంచి 12 నెలల పిల్లలున్న తల్లిదండ్రులను కలిసి, పసిపిల్లల నిద్ర గురించి వాళ్ల నమ్మకాలేమిటో తెలుసుకోవాలనుకుంటున్నారు. ఆ నమ్మకాలకూ బిడ్డ రాత్రిళ్లు లేవడానికీ సంబంధం ఉందేమో చూడాలనుకుంటున్నారు. దానికోసం మీరే పది ప్రశ్నలు రాసుకున్నారు, ఒక్కోదానికీ అవును, కాదు అని రెండే జవాబులు. ఇవి సరిపోతాయా, లేక ఇప్పటికే ఉన్న స్కేల్ (పరిశోధకులు తయారుచేసి, పరీక్షించి చూసిన ప్రశ్నావళి) ఏదైనా వాడాలా అని అడిగారు.

సూటిగా చెప్తాను. ఆ పది ప్రశ్నలతో సర్వేకి వెళ్లకండి. ఇప్పటికే పరీక్షకు నిలబడిన స్కేల్ ఒకటి తీసుకోండి. దాన్ని శ్రద్ధగా తెలుగు చేసుకోండి. సర్వే మొదలుపెట్టే ముందు ఎనిమిది, పది మంది తల్లిదండ్రుల పక్కన కూర్చుని ఒక్కో వాక్యం చదివించి, వాళ్లకేం అర్థమైందో వినండి. బిడ్డ నిద్రను మాత్రం ఈ స్కేల్‌తో కలపకుండా విడిగా, కనీసం డైరీతో అయినా కొలవండి. పదిహేనేళ్లుగా ఇలాంటి ప్రశ్నావళులు తర్జుమా చేయడం, నింపించడం, వచ్చిన అంకెలతో కుస్తీ పట్టడం నా పని. అందుకే కారణాలు కాస్త వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

మీరు నమూనాగా పెట్టిన మూడు ప్రశ్నలతోనే మొదలుపెడతాను. 'ఆరు నెలల బిడ్డ రోజుకు ఎన్ని గంటలు నిద్రపోవాలో మీకు తెలుసా?' అన్నది ఆ తల్లికి ఎంత తెలుసో అడుగుతోంది. దీనికి పుస్తకంలో జవాబుంది. అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2016లో చెప్పిన ప్రకారం 4 నుంచి 12 నెలల పిల్లలకు పగటి కునుకులతో కలిపి 12 నుంచి 16 గంటలు. 'రాత్రి బిడ్డ ఏడిస్తే వెంటనే ఎత్తుకుంటారా?' అన్నది ఆమె చేసే పనిని అడుగుతోంది. 'మీ బిడ్డకు నిద్ర సమస్య ఉందనుకుంటున్నారా?' అన్నది బిడ్డ నిద్ర మీద ఆమె అంచనా. మూడూ మంచి ప్రశ్నలే. కానీ ఒక్కటీ నమ్మకాన్ని అడగడం లేదు.

నమ్మకం ఎక్కడ కనిపిస్తుందంటే, రాత్రి రెండు గంటలప్పుడు. బిడ్డ ఏడ్చింది. ఒక తల్లి 'ఆకలేసి ఉంటుంది' అనుకుంటుంది. ఇంకో తల్లి 'నేను పక్కన లేనని భయపడింది' అనుకుంటుంది. మరొకామె 'నిద్రలో మూలిగింది, మళ్లీ తనే పడుకుంటుంది' అనుకుంటుంది. ఇంకొకామెకు 'నాకు బిడ్డను పెంచడం చేతకావట్లేదు' అనిపిస్తుంది. ఏడుపు ఒక్కటే. దానికి ఒక్కొక్కరు ఇచ్చుకునే అర్థం వేరు. మీరు కొలవాల్సింది ఆ అర్థాన్ని. చూడండి, మొదటి ఇద్దరూ లేచి బిడ్డను ఎత్తుకునే ఉంటారు. అంటే చేసిన పని ఒకటే, దాని వెనకున్న ఆలోచన మాత్రం వేరు. కాబట్టి 'ఎత్తుకుంటారా' అని అడిగి నమ్మకం తెలిసిపోయిందనుకోకూడదు.

తెలియడం కూడా నమ్మకం కాదు. ఒకసారి పిల్లల వార్డులో పనిచేసే నర్సు ఒకామె మా అధ్యయనంలో చేరింది. పిల్లల నిద్ర గురించి మేం అడిగిన ప్రతి విషయానికీ తడుముకోకుండా సరైన జవాబిచ్చింది. ఏడుపు వినగానే బిడ్డకు ఏదో అయిపోయిందేమోనని అనిపిస్తుందా అన్న చోట మాత్రం 'పూర్తిగా ఒప్పుకుంటాను' అన్న గడిలో గట్టిగా టిక్ పెట్టింది, కాగితం చిరిగేంతగా. ఆమెకు తెలియనిది ఏదీ లేదు. భయం తెలివి పక్కనే కూర్చుని ఉంది, అంతే. తెలిసినదాన్ని మాత్రమే అడిగే ప్రశ్నావళిలో ఈమె 'సమస్య లేదు' కిందికి వెళ్లిపోయేది.

ఇక ఉన్న స్కేళ్ల సంగతి. ఈ రంగంలో ఎక్కువగా వాడేది మోరెల్ 1999లో తయారుచేసిన మెటర్నల్ కాగ్నిషన్స్ అబౌట్ ఇన్‌ఫంట్ స్లీప్ క్వశ్చనేర్, అంటే పసిపిల్లల నిద్ర గురించి తల్లుల ఆలోచనల ప్రశ్నావళి. ఇందులో 20 వాక్యాలుంటాయి, ప్రతిదానికీ ఎంతవరకు ఒప్పుకుంటారో ఆరు మెట్ల మీద గుర్తు పెట్టాలి. అవి ఐదు విషయాల చుట్టూ తిరుగుతాయి. రాత్రి బిడ్డ పిలుపుకు ఆగి చూడలేకపోవడం, నిద్ర చెడినప్పుడు వచ్చే కోపం, తల్లిగా తన మీద తనకు నమ్మకం సడలడం, రాత్రి పాల గురించిన ఆలోచనలు, బిడ్డ క్షేమం గురించిన భయాలు. పెన్సిల్‌తో పది నిమిషాల్లో అయిపోతుంది. మీ డిసర్టేషన్‌కు నేనైతే ఇదే తీసుకుంటాను.

రెండోది టెల్ అవీవ్ యూనివర్సిటీకి చెందిన అవీ సాదే బృందం 2007లో ప్రచురించిన ఇన్‌ఫంట్ స్లీప్ విన్యెట్స్ ఇంటర్‌ప్రెటేషన్ స్కేల్. ఇది నాకు చాలా ఇష్టమైన పద్ధతి. ఇందులో మీ బిడ్డ గురించి అడగరు. వేరే బిడ్డ గురించి ఒక చిన్న సందర్భం చెప్తారు: ఫలానా వయసు బిడ్డ రాత్రి ఇన్నిసార్లు లేస్తోంది, ఇలా ఏడుస్తోంది. దీనికి కారణం ఏమై ఉంటుంది, తల్లిదండ్రులు ఏం చేయాలి అని అడుగుతారు. ఇలాంటి సందర్భాలు 14 ఉంటాయి. జవాబులు స్థూలంగా రెండు వైపులకు వెళ్తాయి. బిడ్డ బాధలో ఉంది, వెంటనే ఆదుకోవాలి అనేది ఒకటి. బిడ్డకు తనంతట తాను పడుకునే అవకాశం ఇవ్వాలి అనేది రెండోది. తన బిడ్డ గురించి అడిగితే 'మంచి తల్లి ఏం చెప్పాలి' అని ఆలోచించుకుని రాసేవాళ్లు, పక్కవాళ్ల బిడ్డ అనేసరికి మనసులో ఉన్నది చెప్పేస్తారు. ఇంకో లాభం, బిడ్డ పుట్టకముందే దీన్ని నింపించవచ్చు. అదెందుకు ముఖ్యమో కింద చెప్తాను. ఇబ్బందల్లా ఒకటే: సందర్భాలు చదివి ఆలోచించాలి కాబట్టి సమయం పడుతుంది, ఒళ్లో బిడ్డతో కూర్చున్నవాళ్లు మధ్యలో వదిలేస్తారు.

బ్రీఫ్ ఇన్‌ఫంట్ స్లీప్ క్వశ్చనేర్ వాడొచ్చా అని కూడా అడిగారు. 2004లో వచ్చిన ఆ ప్రశ్నావళి మంచిదే, వాడండి, కానీ నమ్మకాలకు కాదు. అది బిడ్డ ఎప్పుడు పడుకుంటోంది, ఎన్నిసార్లు లేస్తోంది, రాత్రి ఎంతసేపు మెలకువగా ఉంటోంది అని అడుగుతుంది. రాత్రికి మూడుసార్ల కంటే ఎక్కువ లేవడం, గంటకు మించి మెలకువగా ఉండటం, రోజు మొత్తం మీద 9 గంటల కంటే తక్కువ నిద్ర, వీటిలో ఏదున్నా నిద్ర సరిగా లేదనడానికి అది గుర్తుగా తీసుకుంటుంది. మీ రెండో సగానికి, అంటే నిద్ర వైపుకు, అది పనికొస్తుంది.

అవును, కాదు జవాబుల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. 'రాత్రి బిడ్డ ఏడిస్తే వెంటనే వెళ్లాలి' అంటే ఎవరైనా అవుననే అంటారు. వంద మందిలో తొంభై ఐదు మంది ఒకే జవాబిస్తే ఆ ప్రశ్న ఎవరినీ ఎవరి నుంచీ విడదీయలేదు. ఆరు మెట్లు పెడితే 'కొంచెం ఒప్పుకుంటాను'కూ 'పూర్తిగా ఒప్పుకుంటాను'కూ మధ్య ఉన్న దూరం బయటపడుతుంది. మెట్లు సరిసంఖ్యలో ఉంటే మధ్యలో నిలబడే చోటు ఉండదు, ఏదో ఒక వైపు మొగ్గాలి. కొందరికి ఇది నచ్చదు. నా అనుభవంలో మాత్రం మధ్య గడి ఉంటే అలసిపోయిన తల్లిదండ్రులు వరసగా దానిలోనే టిక్‌లు పెట్టుకుంటూ పోతారు.

ఇప్పుడు అసలు కష్టం: తర్జుమా. డిసర్టేషన్లలో ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. ఇద్దరు విడివిడిగా తెలుగు చేయాలి, రెండింటినీ కలిపి ఒకటి చేయాలి, అసలు ప్రశ్నావళి చూడని మూడో మనిషి దాన్ని తిరిగి ఇంగ్లిష్‌లోకి మార్చాలి. ఇంతవరకు అందరూ చేస్తారు. తిరిగి మార్చినది అసలుతో కలిసింది కదా అని అక్కడితో ఆపేస్తారు. కలవడం పెద్ద విశేషం కాదు. మాటకు మాట పెట్టిన తెలుగును మళ్లీ ఇంగ్లిష్ చేస్తే చక్కగా కలుస్తుంది, చదివే తల్లికి మాత్రం ఒక్క ముక్క ఎక్కదు.

మేం మొదటిసారి చేసినప్పుడు లిమిట్ సెట్టింగ్ అన్న మాటను 'హద్దులు పెట్టడం' అని రాశాం. నిఘంటువు ప్రకారం తప్పేం లేదు. పైలట్‌లో, అంటే అసలు సర్వేకి ముందు కొద్దిమందితో చేసి చూసిన పరీక్షలో, ఒక తల్లి కాగితం మీద నుంచి తలెత్తి, "ఎనిమిది నెలల పాపకి హద్దులేంటండీ? ఇంకా పాకడమే రాలేదు" అంది. ఆమె అల్లరి చేసే పిల్లలను ఊహించుకుంది. మేం అడిగింది బిడ్డ పిలిచినా ఒక్క నిమిషం ఆగి చూడగలరా అని. తర్వాత ఆ మాటే తీసేసి, చేసే పనిని వర్ణించాం: 'బిడ్డ రాత్రి ఏడ్చినప్పుడు వెంటనే వెళ్లకుండా కాసేపు ఆగి చూడటం నాకు కష్టం'. అప్పుడు ఎవరూ తల ఎత్తలేదు.

ఇంకో వాక్యంలో డిమాండ్స్ అని ఉంటే ఒకరు 'కోరికలు' అన్నారు, ఇంకొకరు 'మారాం' అన్నారు. 'మారాం' అన్నాక ఇక అడగడానికేముంది? ఆ మాటలోనే తీర్పు ఉంది. బిడ్డది అవసరం కాదు, అల్లరి అని మనమే చెప్పేసినట్టు. ఆ మాట పెట్టిన కాగితం చదివినవాళ్లు, 'కోరికలు' అన్న కాగితం చదివినవాళ్ల కంటే కఠినంగా జవాబులిచ్చారు. చివరికి రెండూ తీసేసి 'బిడ్డ పిలవడం' అని పెట్టుకున్నాం.

మూడోది తెలుగుకే ఉన్న ఇబ్బంది. మనం వాక్యంలో కర్తను హాయిగా వదిలేస్తాం. 'రాత్రి మధ్యలో లేస్తే కోపం వస్తుంది' అని రాశాం. ఎవరు లేస్తే? ఎవరికి కోపం? మాకు స్పష్టంగానే ఉంది, బిడ్డ లేస్తే తల్లికో తండ్రికో కోపం. ఒక తండ్రి దీనికి 'పూర్తిగా ఒప్పుకుంటాను' అని పెట్టాడు. ఎందుకండీ అని అడిగితే, "అవునండీ, వాడు మధ్యలో లేస్తే మహా కోపంగా ఉంటాడు, ముట్టుకోనివ్వడు" అన్నాడు. ఆయన బిడ్డ కోపం గురించి చెప్పాడు! పక్కన కూర్చుని అడగకపోయి ఉంటే ఆయన స్కోర్ కోపం కింద జమ అయ్యేది. అప్పటినుంచి ప్రతి వాక్యంలో 'నా బిడ్డ', 'నాకు' అని రాయాల్సిందేనని పట్టుబడతాను. చదవడానికి కాస్త బరువుగా ఉంటుంది, ఉండనివ్వండి.

రెండు 'కాదు'లు ఒకే వాక్యంలో రానివ్వకండి. 'బిడ్డ ఏడ్చిన ప్రతిసారీ వెళ్లకపోయినా తప్పు లేదు' అన్నదానికి ఒప్పుకోను అంటే ఏమిటి అర్థం? మీరే ఒకసారి ఆలోచించండి. నిద్ర లేని మనిషికి ఇది పరీక్షే. చాలామంది తాము అనుకున్నదానికి సరిగ్గా ఎదురు గడిలో టిక్ పెట్టారు. అలాగని వాక్యాలన్నీ ఒకే దిక్కుకు ఉండకూడదు. అలా ఉంటే ఏది చదివినా అవుననేవాళ్ల స్కోర్ ఉత్తినే పెరిగిపోతుంది. ఎదురు దిక్కు వాక్యం కావాలంటే దాన్ని కూడా సూటిగా, ఒప్పుకోలు రూపంలో రాయండి: 'నా బిడ్డ నిద్ర మధ్యలో లేచినా తనంతట తాను మళ్లీ పడుకోగలదు'. లెక్కలు చేసేటప్పుడు ఆ వాక్యాల స్కోర్ తిప్పడం మర్చిపోకండి. స్కేల్‌తో పాటు వచ్చే స్కోరింగ్ సూచనల్లో ఏవి తిప్పాలో ఉంటుంది.

'రాత్రంతా నిద్రపోవడం' అన్న మాట కూడా జాగ్రత్త. ఒకరికి అది అర్ధరాత్రి నుంచి తెల్లవారుజాము దాకా. ఇంకొకరికి పడుకున్నప్పటి నుంచి పొద్దున లేచేదాకా. ఇంకొకరు మధ్యలో పాలు తాగినా రాత్రంతా పడుకున్నట్టే లెక్కేస్తారు. గంటలు చెప్పి అడగండి.

పక్కన కూర్చోవడం అంటే ఏం చేయాలో చెప్తాను. వాక్యం బయటికి చదవమనండి. "మీ మాటల్లో ఇదేం అడుగుతోంది?" అనండి. జవాబు పెట్టాక "ఆ గడే ఎందుకు ఎంచుకున్నారు?" అనండి. చేతిని గమనించండి. బిడ్డ క్షేమం గురించిన వాక్యం దగ్గర ఒకామె పెన్సిల్ రెండు గడుల మధ్య అటూ ఇటూ తిరుగుతూ అర నిమిషం ఆగిపోయింది. అడిగితే, "మొదటి నెలయితే ఇక్కడ, ఇప్పుడైతే అక్కడ" అని రెండు చోట్లా వేలు పెట్టి చూపించింది. తప్పు ఆమెది కాదు, మాది. ఏ కాలం గురించి అడుగుతున్నామో మేం చెప్పలేదు. తర్వాత పై సూచనలో 'గత రెండు వారాలు గుర్తు తెచ్చుకుని' అని చేర్చాం. మీరూ ఇలాంటి మార్పు ఏది చేసినా రిపోర్టులో రాయండి, ఎందుకంటే సూచన మారితే పాత అధ్యయనాల స్కోర్లతో నేరుగా పోల్చడం కుదరదు. అన్నట్టు, స్కేల్ తర్జుమా చేస్తున్నానని రచయితలకు మెయిల్ రాసి అనుమతి తీసుకోండి. చాలామంది సంతోషంగా ఇస్తారు.

20 వాక్యాలనూ కలిపి ఒకే మొత్తంగా చూసి ఆగిపోవద్దు. ఇద్దరు తల్లులకు ఒకే మొత్తం రావచ్చు. ఒకరిది అంతా భయం, ఇంకొకరిది అంతా కోపం. ఈ ఇద్దరికీ ఒకే సలహా పనికిరాదు. విడి భాగాల స్కోర్లు చూపించండి. అయితే ఒక చిక్కుంది. కొన్ని భాగాల్లో వాక్యాలు తక్కువ, వాక్యాలు తగ్గితే క్రోన్‌బాక్ ఆల్ఫా (ఒక భాగంలోని వాక్యాలు ఒకదానితో ఒకటి ఎంత పొసుగుతున్నాయో చెప్పే అంకె) దానంతట అదే తగ్గుతుంది. పాల గురించిన భాగంలో ఆల్ఫా తక్కువ వచ్చిందని భయపడి వాక్యాలు తీసేయకండి. ఎంత వచ్చిందో ఉన్నదున్నట్టు రాయండి. ఆల్ఫా మరీ ఎక్కువ వచ్చినా గొప్పేం కాదు, ఒకే మాటను నాలుగు రకాలుగా అడుగుతున్నారని అర్థం కావచ్చు.

ఎంతమంది కావాలన్నది మీరు అడగలేదు కానీ గైడ్ తప్పకుండా అడుగుతారు. నమ్మకాలకూ నిద్రకూ మధ్య 0.3 స్థాయి సంబంధాన్ని (కోరిలేషన్) 80 శాతం పవర్‌తో, అంటే సంబంధం నిజంగా ఉంటే దాన్ని పట్టుకునే అవకాశం 80 శాతం ఉండేలా, 5 శాతం సిగ్నిఫికెన్స్ స్థాయిలో పట్టుకోవాలంటే సుమారు 85 మంది కావాలి. మధ్యలో మానేసేవాళ్లను లెక్కేసుకుని నూటపది మందిని చేర్చుకోండి. ఫ్యాక్టర్ అనాలిసిస్ (ఏ వాక్యాలు ఒక గుంపుగా కలుస్తున్నాయో చూసే లెక్క) చేస్తానంటారా, అంతమంది చాలరు. 20 వాక్యాలకు కనీసం రెండు వందల మందైనా ఉంటేనే దాని జోలికి వెళ్లండి. అరవై మందితో ఫ్యాక్టర్లు తీసి కొత్త నిర్మాణం కనిపెట్టామని రాసినవి చూశాను, ఇంకో అరవై మందితో చేస్తే అది నిలబడదు. ఓ ఇరవై, ముప్పై మందితో రెండు వారాల తర్వాత మళ్లీ నింపించగలిగితే మాత్రం తప్పకుండా చేయించండి. స్కోర్ నిలకడగా ఉందో లేదో తెలుస్తుంది.

నిలకడ గురించి చెప్పాను కాబట్టి మూడ్ గురించి కూడా చెప్పాలి. నిద్ర లేని రాత్రి మర్నాడు నింపిన కాగితం, రెండు రోజులు విశ్రాంతి దొరికాక నింపిన కాగితం ఒకేలా ఉండవు, ముఖ్యంగా కోపం, తనమీద తనకు అపనమ్మకం ఉన్న భాగాల్లో. దిగులుగా ఉన్న తల్లికి అన్నీ చీకటిగానే కనిపిస్తాయి. 2012లో టెటి, క్రాస్బీ ప్రచురించిన పరిశోధన ఈ విషయంలో నా కళ్లు తెరిపించింది. దిగులు లక్షణాలు ఎక్కువున్న తల్లులు, బిడ్డ గురించి ఆందోళన ఎక్కువున్న తల్లులు రాత్రి బిడ్డ దగ్గర ఎక్కువ సమయం ఉండటం, కొన్నిసార్లు అవసరం లేకున్నా వెళ్లడం వాళ్లు గమనించారు. అంటే నమ్మకం, దిగులు, చేసే పని, బిడ్డ మెలకువ అన్నీ ఒకే ముడిలో ఉన్నాయి. కాబట్టి నమ్మకాల స్కేల్‌తో పాటు కాన్పు తర్వాతి దిగులును కొలిచే ఎడిన్‌బరో పోస్ట్‌నేటల్ డిప్రెషన్ స్కేల్ కూడా పెట్టండి. 1987లో వచ్చిన పది ప్రశ్నల స్కేల్ అది, ఐదు నిమిషాలు చాలు. అది లేకుండా 'నమ్మకాల వల్ల నిద్ర చెడింది' అని రాస్తే వైవాలో మొదటి ప్రశ్న దాని మీదే వస్తుంది.

బిడ్డ నిద్రను విడిగా కొలవమన్నది ఎందుకంటే, నమ్మకమూ తల్లినే అడిగి, నిద్రా తల్లినే అడిగితే రెంటికీ మధ్య సంబంధం దానంతట అదే పుడుతుంది. ఆందోళన ఎక్కువున్నవాళ్లు ప్రతి కదలికనూ లెక్కేస్తారు, నిశ్చింతగా పడుకున్నవాళ్లకు కొన్ని మెలకువలు తెలియనే తెలియవు. థామస్ ఆండర్స్ అనే పరిశోధకుడు 1970లలోనే రాత్రంతా వీడియో తీసి చూపించాడు. బాగా నిద్రపోతోందని ఇంట్లోవాళ్లు అనుకునే బిడ్డ కూడా రాత్రి లేస్తుంది. కాసేపు కళ్లు తెరిచి చూసి, ఏడవకుండా మళ్లీ పడుకుంటుంది. తల్లిదండ్రులు 'మెలకువ' అని చెప్పేది నిజానికి బిడ్డ పిలిచిన మెలకువలనే. కాబట్టి డైరీ పెడితే 'ఎన్నిసార్లు లేచింది' అని కాక 'మిమ్మల్ని ఎన్నిసార్లు లేపింది' అని రాయించండి. బిడ్డ కాలికి కట్టే యాక్టిగ్రఫీ పరికరం దొరికితే చాలా మంచిది, అది కదలికలను బట్టి నిద్రను లెక్కేస్తుంది. దొరక్కపోతే ఐదు నుంచి ఏడు రాత్రుల డైరీ చాలు. పడుకున్న వేళ, లేచిన వేళ తల్లిదండ్రులు దాదాపు సరిగ్గానే చెప్తారు, తేడా వచ్చేది మధ్య మెలకువల దగ్గరే.

ఇంత చేసినా ఒకేసారి అడిగే సర్వేతో ఏది ముందో, ఏది వెనకో చెప్పలేరు. నమ్మకం వల్ల బిడ్డ లేస్తోందా, బిడ్డ లేవడం వల్ల ఆ నమ్మకం వచ్చిందా? ఆరు నెలలు వరసగా నిద్ర లేకపోతే ఎవరికైనా 'నా బిడ్డ నేను లేకపోతే పడుకోలేదు' అనే అనిపిస్తుంది. అది భ్రమ కాదు, వాళ్లు రోజూ చూస్తున్నది. ఈ చిక్కు విప్పడానికే టికోట్స్కీ, సాదే 2009లో ప్రచురించిన అధ్యయనంలో గర్భంతో ఉన్నప్పుడే తల్లుల ఆలోచనలు అడిగి, పుట్టిన తర్వాత 1, 6, 12 నెలల వయసుల్లో పిల్లల నిద్ర కొలిచారు. బిడ్డ లేస్తే బాధలో ఉన్నట్టే, వెంటనే ఆదుకోవాలి అని గట్టిగా అనుకున్న తల్లుల పిల్లల నిద్ర ఎక్కువ చెదిరింది. పడుకోబెట్టేటప్పుడు తల్లి ఎంతగా కలగజేసుకుంటుందన్నది ఆ రెంటికీ మధ్య వంతెనగా పనిచేసింది. బిడ్డ పుట్టకముందే వేరేవాళ్ల బిడ్డ సందర్భాలతో అడగవచ్చని పైన అన్నది ఇందుకే. మీకు అంత సమయం ఉండదు, కాబట్టి మీ ముగింపులో 'సంబంధం ఉంది' అనండి, 'కారణం' అనకండి.

ఇంకో హెచ్చరిక. ఒక దేశంలో వచ్చిన సగటు స్కోర్ తీసుకుని, దానికంటే ఎక్కువ వస్తే 'తప్పుడు నమ్మకం' అని గీత గీయకండి. మిండెల్ బృందం 17 దేశాల్లో 29,287 మంది చిన్నపిల్లల నిద్ర గురించి అడిగి 2010లో ప్రచురించింది. పడుకునే వేళ న్యూజిలాండ్‌లో సగటున రాత్రి 7.27 అయితే హాంగ్‌కాంగ్‌లో 10.17. మొత్తం నిద్ర జపాన్‌లో 11.6 గంటలు, న్యూజిలాండ్‌లో 13.3 గంటలు. తల్లిదండ్రులతో ఒకే పక్క మీద పడుకునే పిల్లల వాటా కూడా దేశానికీ దేశానికీ చాలా తేడా. బిడ్డ ఎప్పుడూ చేయి అందేంత దూరంలోనే పడుకునే ఇంట్లో 'రాత్రి లేచి బిడ్డను చూసి రావాలనిపిస్తుంది' అన్న వాక్యానికి అర్థమే వేరు. బిడ్డ ఎక్కడ పడుకుంటుందో ఒక ప్రశ్న ముందే అడిగి, తల్లిదండ్రుల పక్కనే పడుకునేవాళ్లను ఒక గుంపుగా, దూరంగా పడుకునేవాళ్లను ఇంకో గుంపుగా విడివిడిగా చూడండి.

తండ్రులను కూడా చేర్చుకోండి, కానీ తల్లి కాగితం చూసి తండ్రి నింపకుండా ఇద్దరికీ వేర్వేరు కాగితాలు, ఒకేసారి ఇవ్వండి. ఇద్దరి స్కోర్ల మధ్య తేడాయే ఒక్కోసారి ఎక్కువ మాట్లాడుతుంది. 'కాసేపు ఆగి చూద్దాం' అని ఒకరు, 'ఒక్క క్షణం కూడా ఏడవనివ్వను' అని ఇంకొకరు అనే ఇళ్లలో బిడ్డ నిద్ర కంటే ఇద్దరి మధ్య గొడవే పెద్ద టెన్షన్ అయిన సందర్భాలు చూశాను. మోరెల్ స్కేల్ తల్లుల కోసం రాసింది కాబట్టి తండ్రుల స్కోర్లను తల్లుల స్కోర్లతో కలిపేయకుండా విడిగా చూపించండి.

కాగితం తిరిగి ఇస్తూ చాలామంది "నా స్కోర్ ఎంత? నేను తప్పు చేస్తున్నానా?" అని అడుగుతారు. దీనికి ముందే సిద్ధంగా ఉండండి. ఈ స్కేల్ తప్పొప్పులు చెప్పదని, ఎవరు ఎలా ఆలోచిస్తున్నారో మాత్రమే చూపిస్తుందని నేను చెప్తాను. బిడ్డ ఇంకా రాత్రంతా పడుకోవట్లేదని కళ్లనీళ్లు పెట్టుకునేవాళ్లకు పెనెస్ట్రి బృందం 2018లో ప్రచురించిన అంకెలు చెప్తాను: ఆరు నెలల వయసులో 38 శాతం మంది పిల్లలు ఏకబిగిన ఆరు గంటలు పడుకోవడం లేదు, ఏడాది వయసులో కూడా 28 శాతం మంది పడుకోవడం లేదు. ఆ అంకె వినగానే భుజాలు కిందికి దిగడం కళ్లారా చూస్తాం.

చివరిగా, కోపం భాగంలోని వాక్యాలు. అందులో కొన్ని చాలా సూటిగా ఉంటాయి, బిడ్డ మీద చేయి చేసుకుంటానేమో అన్న ఆలోచన దాకా. ఎడిన్‌బరో స్కేల్‌లో పదో ప్రశ్న తనకు తాను హాని చేసుకోవాలన్న ఆలోచన గురించి. వీటికి వచ్చిన జవాబులను నెల తర్వాత కంప్యూటర్లో ఎక్కించేటప్పుడు చూస్తే ఆలస్యమైపోతుంది. మా దగ్గర నియమం ఏమిటంటే, తల్లి ఇంకా కుర్చీలో ఉండగానే ఆ వాక్యాలు చూస్తాం. ఒకసారి ఒకామె పదో ప్రశ్నకు 'అప్పుడప్పుడు' అని పెట్టి, కాగితం బోర్లా తిప్పి ఇచ్చింది. నేను దాన్ని తిప్పి చూసి, బిడ్డను కాసేపు అమ్మమ్మకు ఇమ్మని, ఆ తల్లి పక్కనే కూర్చున్నాను. ఆ మధ్యాహ్నమే ఆమెతో పాటు డాక్టరు దగ్గరికి నేనూ వెళ్లాను. ఎవరి దగ్గరికి పంపాలో ఆ డాక్టరు పేరు, ఫోన్ నంబరు మీ ఎథిక్స్ దరఖాస్తులో ముందే రాసి పెట్టుకోండి. మొదటి కాగితం చేతికి ఇచ్చే ముందు ఒకసారి ఆ డాక్టరుతో మాట్లాడి రండి.